నల్లమట్టికి తగిన జోడు

వానాకాలంలో జోళ్ళ కోసం వచ్చేవాళ్ళను పరదేశి గుమ్మం దగ్గరే రెండు రకాలుగా విడదీసేవాడు. కాలు తడవకూడదనుకునేవాళ్ళు ఒక రకం, కాలు జారకూడదనుకునేవాళ్ళు ఇంకో రకం. మొదటి రకానికి రబ్బరు గంబూట్లు చూపించేవాడు. రెండో రకానికి లారీ టైరు కోసి కుట్టిన చెప్పులు. రెండు సుఖాలూ ఒకే జోడులో కావాలనేవాళ్ళు కూడా అప్పుడప్పుడు వచ్చేవారు. వాళ్ళను బల్ల మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, రెండింటిలో ఏది వదులుకోగలరో వాళ్ళ నోటితోనే చెప్పించేవాడు. ఏది వదులుకోవాలో తెలిసినవాడికే బేరం తెగుతుందని అతని నమ్మకం. ఒక్క జోళ్ళ విషయంలోనే కాదు, ఊరు విడిచి వచ్చినప్పుడూ, ఇల్లు తీసుకున్నప్పుడూ కూడా అతను ఇదే తూకం వేసుకున్నాడు.

యుద్ధానికి ముందు పార్వతీపురం వైపు నుంచి ఒక రైల్వే కంట్రాక్టరు దగ్గర పనికి కుదిరి రాయపూర్ వచ్చాడు. పని అయిపోయి కంట్రాక్టరు వెళ్ళిపోయాడు. పరదేశి మాత్రం స్టేషను ఎదుట రేకుల కప్పు కింద జోళ్ళ దుకాణం పెట్టుకుని ఉండిపోయాడు. ఇక్కడి జనం పేరడిగితే "పరదేశి" అనేవాడు. "పరదేశివని నీ మాట వింటేనే తెలుస్తోంది, పేరు చెప్పవయ్యా" అనేవారు వాళ్ళు. ఆ నవ్వులోనే సగం గిరాకీ కుదిరిపోయేది. అంతకన్నా మంచి బోర్డు ఏ పెయింటరూ రాయలేడని పరదేశి లెక్క.

ఇల్లు రైలు కట్టకు అవతల, గుఢియారి దాటాక బీర్‌గావ్ వెళ్ళే బాట పక్కన. గాలీ వెలుతురూ పెరడూ నుయ్యీ చూసి తీసుకున్నాడు. వదులుకున్నది దారి. రాతిబాట మీంచి ఇంటిదాకా పొలాల మధ్య ఒక పొడవాటి సందు, అంతా నల్లమట్టి. ఇక్కడివాళ్ళు కన్హార్ అంటారు. ఎండల్లో అది రాయిలా ఉంటుంది. వానలు మొదలైతే తుమ్మజిగురే. సందు మొదట్లోనే రిక్షావాడు మొహం తిప్పుకుంటాడు, ఎడ్లబండివాడు నమస్కారం పెడతాడు. అందువల్ల వానాకాలం సాయంత్రాల్లో ఒక విచిత్రం జరిగేది. ఊరందరి కాళ్ళకూ జోళ్ళు తొడిగిన పరదేశి, సందు మొదట నిలబడి ఎరిగినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూసి, జోళ్ళు విప్పి చంకలో పెట్టుకుని, కంచె పట్టుకుంటూ వట్టి కాళ్ళతో ఇంటికి వెళ్ళేవాడు.

ప్రయత్నం చేయలేదని కాదు. కాన్వాసు బూట్లు ఆ మట్టిలో గంజి తాగిన గుడ్డలైపోయాయి. కాన్పూరు తోలుబూట్లకు అడుగడుక్కీ మట్టి పేరుకుని ఏనుగు పాదాలు తయారయ్యాయి. టైరు చెప్పుల పట్టీలు తెగాయి. పావుకోళ్ళ మీద జారి ఒక ఏడాది మోచెయ్యి కొట్టుకుపోయింది. గంబూట్లను మాత్రం ఆ సందులోకి తేలేదు. దుకాణంలో ఉన్నవాటిలో అదే మేలు సరుకు. ఒకసారి మట్టి తగిలితే అమ్మకానికి పనికిరాదు.

ఆ ఏడాది ఆషాఢంలో ఊరి నుంచి పరదేశి తల్లి అప్పలనరసమ్మ వచ్చింది. వచ్చిన పని మనవరాలు బంగారమ్మ పెళ్ళి. కూతురు బంగారి అంటే పరదేశికి ప్రాణం. దుకాణంలో కూర్చుంటే వచ్చినవాడి కాలు చూసి కొలత చెప్పగల పిల్ల. ఆ పిల్లకు ఊళ్ళో ఒక సంబంధం చూసి పెట్టుకుని వచ్చింది ముసలావిడ. ఇక్కడ పరదేశి, అతని భార్య రమణమ్మ, బంగారి ముగ్గురూ మనసులో పెట్టుకున్న సంబంధం వేరు. రైల్వే క్వార్టర్లలో ఉండే సూరిబాబు. ధంతరి వెళ్ళే చిన్న పట్టాల ఛోటీ లైను బండి మీద ఫైర్‌మన్. తండ్రి లేడు. తల్లి దాలమ్మ క్వార్టరు వెనక పాడిగేదెలను పెట్టుకుని కాలనీకంతటికీ పాలు పోస్తుంది. దగ్గరలోనే అత్తవారిల్లు అయితే పిల్ల వారం వారం కంటికి కనిపిస్తుంది. ఊళ్ళో సంబంధమైతే ఏడాదికోసారి. ఈ లెక్కలో కాదనవలసిందేమీ పరదేశికి కనిపించలేదు.

ముసలావిడ అన్నీ విని, నోట్లో పొగాకు సర్దుకుంది.

"గుంటడు మంచోడే కావొచ్చు. నాను సూడాల. సూసినాక నాకు నచ్చితే సరే. నచ్చకపోతే ఆదివారం బండికి గుంటను నాతో తీసుకెల్లిపోతాను. తరవాత మల్లీ ఆ మాటెత్తకూడదు."

"నచ్చకపోడానికి ఏటుందమ్మా? రైలు నౌకరీ. నెమ్మదైనోడు."

"నౌకరీ ఎవులిక్కావాలి? నా సెల్లి సూరమ్మను సూడ్డానికి ఒచ్చినోడికీ నౌకరీ ఉంది. బురదకాళ్ళతో గడప తొక్కీసినాడు. ఈడు ఒద్దు నాయనా అని నాను ఆ రోజే సెప్పినాను. ఎవులిన్నారు? ముప్పయ్యేళ్ళుగా అది ఇల్లు అలుకుతూనే ఉంది, ఆడు తొక్కుతూనే ఉన్నాడు."

"వానాకాలం గదమ్మా. మన సందు నువ్వూ సూసినావు. ఆ పిల్లడొచ్చినప్పుడు కాళ్ళకి నీళ్ళిద్దాం, కడుక్కుంటాడు."

"ఒకలు సెప్పితే కడిగీ కాలు ఏరు, తనకి తానే కడుక్కునీ కాలు ఏరు. తడికాలైతే నాకేటీ అడ్డు నేదు. బురదకాలుతో గడప తొక్కితే మాత్రం నా మాట నాదే. ఈ సంగతి ఆడికి ఎవులూ సెప్పకూడదు. సెప్పినట్టు తెలిసిందో, ఆదివారం దాకా కూడా ఉండను."

రమణమ్మ వంటింట్లోంచే పరదేశి మొహం చూసింది. బంగారి వాకిట్లో బియ్యం చెరుగుతున్నది చేట ఆపేసింది.

చూపులు శ్రావణం వచ్చిన మొదటి గురువారం ఉదయానికి పెట్టుకున్నారు. పరదేశి ఆ రాత్రి తన పద్ధతిలో తూకం వేసుకున్నాడు. చెప్పకూడదన్నది తల్లి షరతు. జోళ్ళు అమ్మకూడదని ఆవిడ అనలేదు. సందును మట్టి అంటకుండా దాటించగల జోడు ఒకటి సూరిబాబు కాళ్ళకు తొడిగిస్తే మాట తప్పినట్టు కాదు, పనీ జరుగుతుంది. సందు చివర, తమ గడపకు ముందు గచ్చు పలకలు పరిచి ఉన్నాయి. అక్కడ జోడు విప్పి తెల్లని కాలు గడప మీద పెడతాడు. అంతే.

ఈలోగా అమావాస్య వచ్చింది. ఇక్కడివాళ్ళకు అది హరేలీ పండుగ. నాగళ్ళు కడిగి పూజ చేసుకుంటారు, బజారుకు ఎవరూ రారు. పిల్లలూ కుర్రాళ్ళూ వెదురు కర్రలకు మెట్లు కట్టుకుని వాటి మీదెక్కి బురదలో తిరుగుతారు. పరదేశి ఏటా చూస్తున్నదే. మనసులో వాటిని కర్రకాళ్ళు అనుకునేవాడు. ఇక్కడి పేరేమిటో ఎప్పుడూ అడగలేదు. ఎవరింట్లో వాళ్ళు చేసుకునేవి, ఏ దుకాణంలోనూ అమ్మేవి కావు. అమ్మకానికి రాని వస్తువు పేరు తెలుసుకోవడం అతని అలవాటు కాదు.

బుధవారం సాయంత్రం డ్యూటీ దిగి సూరిబాబు దుకాణానికి వచ్చాడు. బొగ్గు మసిలో కళ్ళూ పళ్ళూ తప్ప మిగతా మొహం కనిపించడం లేదు. బయట వాన ధారగా పడుతోంది. కప్పు మీది రేకులు ఒకటే మోత. అరిస్తేగాని మాట వినపడదు.

"రా నాయనా, కూర్చో. రేపటికి జోడు సూడాల నీకు" అన్నాడు పరదేశి. "మా సందు సంగతి తెలుసు గదా."

"తెలీకేం మావా. కీచడ్ కాదది, హల్వా."

"అందుకే. డబ్బు మాట ఎత్తకు. ఏది కావాలంటే అది తొడుక్కో."

బేరం లేకుండా సరుకు తీసుకోమని పరదేశి ఇంతవరకు ఎవరినీ అనలేదు. ఆ మాటకు సూరిబాబు కూడా కాస్త కంగారు పడ్డాడు. టైరు చెప్పులు వేసుకుని నాలుగడుగులు నడిచి విప్పేశాడు. కాన్వాసు బూటును చేత్తో నొక్కి చూసి పక్కన పెట్టాడు. పరదేశి లోపలికి వెళ్ళి పైన అటక మీంచి గంబూట్ల జత దించి, గుడ్డతో తుడిచి, పసిబిడ్డను అందించినట్టు అందించాడు.

"మోకాలి దాకా రబ్బరు. నీటిచుక్క దూరదు. ఇంకో మాట లేదు, ఇదే."

"బిల్కుల్ కుదరదు మావా" అని నవ్వాడు సూరిబాబు. "కన్హార్ దీన్ని మింగీస్తది. కాలు బయటికొస్తది, బూటు లోపల ఉండిపోద్ది."

"నువ్వు ఇంజిన్ నడిపినోడివా, జోళ్ళు అమ్మినోడివా?"

"ఇంజిన్ కూడా నడపలేదు, బొగ్గేశాను. అయినా ఇది ఒద్దు మావా."

"మరేటి తొడుక్కుని వస్తావు?"

"జోడెందుకు? గేది మీద ఒచ్చీస్తాను."

పరదేశి చెవి దగ్గరగా పెట్టాడు. "దేని మీద?"

"గేది, గేది" అని అరిచాడు సూరిబాబు, రేకుల మోతకు మించి. "ఇంట్లో ఉంది గదా. మొన్న అమావాస్య నాడే ఎక్కాను. ముందు కొంచెం ఊగింది. ఇప్పుడు నా మాట పక్కాగా ఇంటంది. పైకెక్కితే అందరి పెరళ్ళూ కనపడతాయి మావా."

పరదేశి అతని మొహంలో ఎగతాళి కోసం వెతికాడు. మసి కింద ఏమీ దొరకలేదు.

"అందరూ నవ్వరా?"

"నవ్వుతారు. మా అమ్మ కూడా నవ్వింది. నవ్వనీ. పంచెకి చుక్క మట్టి అంటదు, అది చాలు గదా. రాత్రికి కాస్త కిరసనాయిలు పోసి ఉంచుతాను. అది తాగితే నడుస్తుంటే భలే అరుస్తది."

సూరిబాబు వానలోకి దిగి వెళ్ళిపోయాడు. పరదేశి గంబూట్లు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. దాలమ్మకు గేదెలున్న సంగతి కాలనీ అంతా ఎరుగు. ఊళ్ళోవాళ్ళు గోమార్లు పోవడానికి గేదెకు కిరసనాయిలు రుద్దడం అతను చూశాడు గాని, తాగించడం వినలేదు. పెళ్ళిచూపులకు గుర్రం మీద వచ్చినవాళ్ళున్నారు, కాలినడకన వచ్చినవాళ్ళున్నారు. గేదె మీద వచ్చినవాణ్ణి తన తల్లి చూస్తే ఏమంటుందో అతనికి బాగా తెలుసు. ఆవిడకు గేదె మీద వచ్చేవాడు ఒక్కడే. వాడు పిల్లను చూడ్డానికి రాడు, ప్రాణాలు తీసుకుపోవడానికి వస్తాడు.

ఇంటికి వెళ్ళి ఎవరికీ ఏమీ చెప్పలేదు. చినిగిన సరుకును గుట్ట అడుగున పెట్టినట్టు ఆ మాటను లోపలికి తోసేశాడు. భోజనం దగ్గర రమణమ్మ అడిగింది.

"ఏ జోడు తీసుకున్నాడు?"

"తీసుకోలేదు."

"మరి ఎలా వస్తాడంట?"

"వస్తాడు. పప్పు వెయ్యి" అన్నాడు పరదేశి.

గురువారం తెల్లవారేసరికి వాన వెలిసింది. రమణమ్మ ఇల్లంతా అలికి, గడపకు పసుపు రాసి, వసారాలో ముగ్గు పెట్టింది. బంగారి గళ్ళ చీర కట్టుకుని, ఏమీ తోచక గ్లాసులు మళ్ళీ తోముతోంది. అప్పలనరసమ్మ వసారా మధ్యలో పీట వేసుకుని, గడప స్పష్టంగా కనపడేలా కూర్చుంది.

పరదేశి తన ఎత్తు వేసుకునే ఉన్నాడు. సందు మొదట్లోనే సూరిబాబును ఆపాలి. గేదెను ఎవరి చేతికైనా అప్పగించి, గంబూట్లు తొడిగించి, నడిపించుకు రావాలి. ఒక జత గోనెసంచిలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఒక జత తానే తొడుక్కున్నాడు. కొత్త సరుకును ఆ సందులో దింపడం అదే మొదటిసారి.

మొదటి అడుగులు బ్రహ్మాండంగా పడ్డాయి. నీళ్ళలో దిగాడు, తడి తెలియలేదు. మట్టిలో పెట్టాడు, జారలేదు. ఇన్నేళ్ళు ఎంత తెలివితక్కువగా వట్టి కాళ్ళతో నడిచానా అనుకున్నాడు. వచ్చే వారం నుంచి "కన్హార్‌లో నేనే నడిచి చూశాను" అని గిరాకీకి చెప్పే మాటలు కూడా మనసులో కూర్చుకున్నాడు. ఆ మాటలు పూర్తయ్యేసరికి తుమ్మచెట్టు మలుపు దగ్గర కుడికాలు దిగబడింది. దాన్ని లాగడానికి ఎడమకాలు మీద బరువు వేశాడు. అదీ దిగబడింది.

లాగితే కాలు బూటులోంచి వస్తోంది. బూటు మట్టిలోంచి రావడం లేదు. కాలు తీసుకుని బూటు వదిలేస్తే గట్టెక్కవచ్చు. పదిమంది చేత ఏదో ఒకటి వదిలించిన పరదేశికి, తన వంతు వచ్చేసరికి చెయ్యాడలేదు. మేలు సరుకు. తను బూటును వదలనంటాడు, మట్టి బూటును వదలనంటుంది. అలా నడిసందులో పాతిన రాటలా నిలబడిపోయాడు.

అప్పుడే రాతిబాట వైపు నుంచి పిల్లల కేకలు వినపడ్డాయి. ఎదురింటి పరసాదీ పిల్లలు, వాళ్ళ వెనక మరో మంద. "పరదేసీ కాకా, తోర్ దమాంద్ గేడీ మా ఆవత్ హే" అని అరుచుకుంటూ కంచె వెంట పరుగెత్తుకొస్తున్నారు. నీ అల్లుడు వస్తున్నాడని చెప్పడమే కాదు, దేని మీద వస్తున్నాడో కూడా ఇంటిదాకా వినపడేలా చెబుతున్నారు.

వసారాలోంచి ముసలావిడ గొంతు వచ్చింది. "ఏటే గుంటా, గేదంటన్నారు? ఎవులి గేది?"

బంగారి జవాబేమిటో పరదేశికి వినపడలేదు. పకాలున నవ్వడం మాత్రం వినపడింది. ఇంటి పరువు గేదె వీపు మీద ఊరేగుతుంటే ఈ పిల్లకు నవ్వెలా వచ్చిందా అనుకున్నాడు.

"ఏటీ లేదమ్మా, నువ్వు లోపలికెల్లు" అని సందులోంచే అరిచాడు.

"నానెందుకెల్తాను. గేదొస్తంటే సూడొద్దా?"

మలుపు అవతల కంచె ఎత్తుగా ఉంది. దాని పైన ముందుగా ఒక తల కనిపించింది. మసి కడిగిన మొహం, నూనె రాసి దువ్విన జుట్టు. తర్వాత తెల్లటి లాల్చీ. సూరిబాబు కంచె పైన నడుం దాకా కనిపిస్తూ, తేలుతున్నట్టు వస్తున్నాడు. పరదేశి కొమ్ముల కోసం చూశాడు. కొమ్ములు రాలేదు. గేదె అరుపు కోసం చెవి ఒగ్గాడు. రచ్, రచ్ అని వెదురు కిర్రు మాత్రం వినపడింది.

మలుపు తిరిగాక మొత్తం మనిషి కనిపించాడు. రెండు నిలువెత్తు వెదురు కర్రలు. మోకాలికన్నా ఎత్తున వాటికి, కిరసనాయిలు తాగి అడుగడుక్కీ రచ్‌మంటున్న తాళ్ళతో బిగించి కట్టిన మెట్లు. ఆ మెట్ల మీద సూరిబాబు పాదాలు, చలిమిడి ముద్దల్లా తెల్లగా. కర్రల మొనలు మట్టిలో దిగుతున్నాయి, ఏ ఇబ్బందీ లేకుండా లేస్తున్నాయి. ఊగే ఇంజిన్ మీద నిలబడి బొగ్గు వేసే కాళ్ళకు ఆ ఊపు ఒక లెక్కలోది కాదు. పంచెకు చుక్క మట్టి లేదు.

"ఏం మావా, ఏదైనా పారేసుకున్నారా అక్కడ?" అన్నాడు పై నుంచి.

పరదేశి కర్రలను కింది నుంచి పై దాకా చూశాడు. "గేది అన్నావు గదరా."

"అవును. ఇదే గేడీ."

"ఇది గేదా?"

"గేది కాదు మావా, గేడీ. డీ" అన్నాడు సూరిబాబు. తర్వాత అతనికి సంగతి అర్థమైంది. కర్రల మీద నిలబడలేక పక్క కంచెను వాటేసుకుని నవ్వాడు. "మా అమ్మ గేది మీద వస్తాననుకున్నారా? దానికి నేను కిరసనాయిలు తాగిస్తాననుకున్నారా?"

ఏటా కళ్ళ ముందు నడిచిన వస్తువే. అమ్మేవాడు లేడని పేరు అడగలేదు. పేరు అడగనందుకు ఇప్పుడు మోకాలి లోతున నిలబడి ఉన్నాడు. పరదేశికి కూడా నవ్వు వచ్చింది గాని, నవ్వితే ఇంకాస్త దిగబడుతున్నాడు.

"నవ్వింది చాలు. నువ్వు ఇలాగే ఇంటికెళ్ళిపో. దిగకు. మా అమ్మ వసారాలోనే ఉంది. నీ కాళ్ళు అద్దాల్లా ఉన్నాయి, ఇలాగే వెళ్ళి గచ్చు మీద దిగు."

"మరి మీరు?"

"నా సంగతి నేను సూసుకుంటాను. నా మాట విను. ఎందుకని అడగొద్దు."

సూరిబాబు ఇంటి వైపు చూశాడు. కర్రల ఎత్తు మీంచి వసారా, పీట, పీట మీద ముసలావిడ, తలుపు చాటు గళ్ళ చీర, అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. మళ్ళీ కిందికి చూశాడు.

"మావను బురదలో వదిలీసి పిల్లను సూడ్డానికెళ్తే, ఆ పిల్ల నన్నేటి సూస్తది మావా?"

"ఒరే దిగకు, దిగకు" అంటూనే ఉన్నాడు పరదేశి. సూరిబాబు చప్పున దూకాడు. తెల్లటి పాదాలు కనపడకుండా పోయాయి. పంచె మోకాళ్ళ దాకా నల్లబడింది. పరదేశికి ఆదివారం బండి కూత అప్పుడే వినపడినట్టయింది.

"బూట్లు వదిలెయ్ మావా."

"మేలు సరుకురా."

"బూట్లు కావాలా, కాళ్ళు కావాలా?"

ఎన్నో ఏళ్ళుగా తాను అడుగుతూ వచ్చిన ప్రశ్న అది. పరదేశి కళ్ళు మూసుకుని వదిలేశాడు. సూరిబాబు చంకల కింద చేతులు వేసి లాగితే, సీసాకు బిరడా తీసినట్టు శబ్దం చేస్తూ బయటికి వచ్చాడు. బూట్లు రెండూ నోళ్ళు తెరుచుకుని అక్కడే ఉండిపోయాయి. వాటిలోకి తొంగి చూడడానికి పిల్లలు పోటీ పడ్డారు. సూరిబాబు గేడీలను భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ కంచె పట్టుకుని ఇంటి దారి పట్టారు.

ఇల్లు దగ్గరపడేకొద్దీ పరదేశికి గాభరా ఎక్కువైంది. గచ్చు పలకల మీదికి రాగానే ఇక ఆగలేకపోయాడు. సూరిబాబు కంటే ముందే తల్లికి నచ్చచెప్పాలని పరుగెత్తాడు. "అమ్మా, ముందు నా మాట విను. ఈ బురద ఆ పిల్లడిది కాదు. తెల్లగానే వచ్చాడు. నాకోసం దిగాడు. కావాలంటే ఆ పిల్లల్నడుగు. నీ షరతు నేను చెప్పలేదు, ఒట్టు..."

ముసలావిడ అతని మాట వినడం లేదు. చెయ్యెత్తి ఆగమంది. ఆవిడ చూపు బయట నూతి దగ్గర ఉంది.

సూరిబాబు గుమ్మం వైపు రాలేదు. గచ్చు దగ్గరే పక్కకు తిరిగి నూతి దగ్గరకు వెళ్ళాడు. చేద వేసి నీళ్ళు తోడుకున్నాడు. కాళ్ళు మోకాళ్ళ దాకా కడిగాడు. పుల్ల విరిచి వేళ్ళ సందుల్లో మట్టి తీశాడు. పంచె అంచు పిండి దులిపాడు. గేడీల మొనలు కూడా కడిగి, నీరు కారిపోయేలా గోడకు తలకిందులుగా ఆనించాడు. తర్వాత ఇంకో చేద తోడి, మెట్టు పక్కన రాగిబిందెలో పోశాడు.

"మావకి నీళ్ళు ఇక్కడెట్టాను" అని ఎవరికో చెప్పి, గడప ఇవతలే నిలబడ్డాడు. పాదాల నుంచి నీటి చుక్కలు జారుతున్నాయి.

"తడికాలు" అంది అప్పలనరసమ్మ.

ఆ ఒక్క మాటా విని తలుపు చాటున గాజులు గలగలలాడాయి. పరదేశి ఊపిరి పీల్చుకున్నాడు.

"రా నాయనా, లోపలికి రా" అంది ఆవిడ సూరిబాబుతో. సూరిబాబు కుడికాలు గడప దాటించి పెట్టాడు. ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "నువ్వెక్కడ నిల్సున్నావో ఓపాలి సూసుకో."

పరదేశి కిందికి చూశాడు. గడప పసుపు మీద ఒక నల్లటి పాదం. వసారా ముగ్గు మీద ఒకటి. అక్కణ్ణుంచి పీట దాకా, పొద్దున్నే అలికిన నేల మీద, కన్హార్ ముద్దలు వరుసగా పడి ఉన్నాయి. అతను నిలబడిన చోట చిన్న మడుగు తయారైంది.

"నా సెల్లి ఇంటి సంగతి ఊరందరికీ సెప్పుకున్నాను. నా కోడలు ఇన్నాళ్ళూ ఏటి అలుకుతందో నాకు తెలీలేదు" అంది ముసలావిడ. "ఎల్లు, ఎల్లు. ఆ పిల్లడు నీళ్ళెట్టినాడు, కడుక్కుని రా."

రమణమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బంగారి ఆ ప్రయత్నం కూడా చేయలేదు. పరదేశి తన అడుగుల మీదే వెనక్కి నడుస్తూ గడప దాటాడు. మరో కొత్తచోట తొక్కితే ఇంకో మాట పడాలి.

పలహారాలయ్యాయి. దాలమ్మ రాతిబాట దాకా వచ్చి సందులో దిగడానికి భయపడి ఆగిపోయిందని తెలిసి, పిల్లల చేత కబురు పంపారు, మాట కుదిరిందని. బంగారిని చూడ్డానికి వచ్చినవాడు బంగారిని ఎంతసేపు చూశాడో ఎవరూ గమనించలేదు. అప్పలనరసమ్మే అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని వదల్లేదు.

"ఏదిరా ఆ గేది, నన్ను సూడనీ" అంది చివరికి.

సూరిబాబు గేడీలు తెచ్చి చూపించాడు. ఆవిడ మెట్లు నొక్కి చూసింది, తాడు ముడులు లాగి చూసింది. "మేత అక్కర్లేదు, కట్టుగొయ్య అక్కర్లేదు. మంచి గేదే" అంది. "పాలకి మాత్రం నువ్వు ఆశపడకు" అని బంగారి లోపలి నుంచి అంటే, పెళ్ళిచూపుల నాడు పిల్ల అలా మాట్లాడవచ్చా అని ఎవరూ కోప్పడలేదు.

పరదేశి ఒక పక్కగా కూర్చుని లెక్క వేసుకుంటున్నాడు. గంబూట్లు పోయాయి. సంచిలో చుట్టిన రెండో జత ఎక్కడ జారిపోయిందో కూడా తెలియదు. అయితే ఆదివారం బండికి తల్లి ఒక్కతే వెళుతుంది. ఈ బేరంలో తనకు మిగిలినదానికి తూకంరాయి లేదు. ఒక్క విషయమే అతని లోపల కలుక్కుమంటోంది. వానలో తడవకుండా, జారకుండా నడిపించే జోడు ఊళ్ళో ఉంది. దాన్ని ఎవరూ కొనరు, ఎవరూ అమ్మరు.

"సూరీ, దాన్ని ఇలా తే" అని లేచాడు.

"మీకెందుకు మావా?"

"సరుకు తెలుసుకోవద్దా? గిరాకీ అడిగితే ఏం చెప్పను?"

గచ్చు అంచున సూరిబాబు ఒక కర్ర పట్టుకున్నాడు. బంగారి వచ్చి రెండో కర్ర పట్టుకుంది. పరదేశి ఒక కాలు ఎక్కించాడు, దేవుడి పేరు తలుచుకుని రెండోది ఎక్కించాడు. ఒక్కసారిగా కంచె కిందికి పోయింది. సందు మొత్తం కనిపించింది. తుమ్మచెట్టు మలుపు దగ్గర నోళ్ళు తెరుచుకున్న తన గంబూట్లలో పరసాదీ పిల్లలు కప్పను కూర్చోబెట్టడం కూడా కనిపించింది.

"వదలండి" అన్నాడు.

వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని వదిలారు. రచ్ అని ఒక అడుగు పడింది. పరదేశి ఊగాడు, ఆగాడు, ఇంకో అడుగు వేశాడు. నల్లమట్టి కర్రను మింగబోయి వదిలేసింది. వసారాలోంచి తల్లి కేక వేసింది.

"ఒరే, దిగినాక కాళ్ళు కడుక్కుని రా."